మొదలు నాది, చివర నీది

"...ఉద్యోగమే అయిపోయాక ఇంకా ఎవరి కోసమండీ ఈ అరడుగు గుడ్డ? కత్తిరిస్తే కొంప మునుగుతుందా?"

"కొలిచి కుట్టించిన కర్టెనుకి కత్తెర పెడతానంటావేమిటి? కొలతంటే నీకు బొత్తిగా గౌరవం లేదు."

"నాకుంది గౌరవం. కర్టెనుకే లేదు. ఇల్లంతా ఊడుస్తోంది."

"మంచిదేగా. నీకు చీపురు పని తప్పింది."

"నిన్న దాంట్లో కాలు చిక్కుకుని పాలగిన్నెతో సహా పడబోయాను."

"పడలేదు కదా!"

మేనకోడలు గుమ్మం బయటే ఆగిపోయింది. అత్తయ్యా మామయ్యా ఆ కర్టెన్ల గురించి పోట్లాడుకోవడం ఆమె గౌన్లు వేసుకునే వయసు నుంచీ వింటూనే ఉంది. విన్నప్పుడల్లా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి ఎవరో ఒకరి పక్షం చేరేది. ఇవాళ నవ్వు రాలేదు. భుజాన ఆఫీసు సంచి ఉంది. సంచిలో సబ్బుబిళ్ళంత కొలత యంత్రం ఉంది. మీట నొక్కితే ఎదురుగోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, ఎంత దూరమో అంకె చూపిస్తుంది. పొద్దున్నుంచి అది చూపించిన అంకెలు ఆమెని ఇక్కడిదాకా లాక్కొచ్చాయి.

మామయ్యకి ఒకటే జబ్బు. కనిపించినదల్లా కొలుస్తాడు. ఆయన కొలిచినదల్లా అరడుగు పెరుగుతుంది.

లైసెన్సుల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేరినప్పుడు ఇచ్చిన టేపు ఆయనది. గుండ్రటి తోలు డబ్బా, పక్కన తిప్పడానికి చిన్న ఇత్తడి పిడి, లోపల చుట్టుకుని పడుకున్న గుడ్డ పట్టీ, పట్టీ మొదట్లో ఒక ఇత్తడి రింగు. అది ఎప్పుడూ మామయ్య ప్యాంటు కుడి జేబులో ఉండేది. జేబు ఆ డబ్బా ఆకారానికే సాగిపోయి, డబ్బా తీసేసినా అలాగే ఉబ్బి కనిపించేది. పెళ్ళి ఫోటోలో కూడా ఆ ఉబ్బు ఉంది. "పెళ్ళికొడుకు అప్పుడే ఆకలేసి పండేదో దాచుకున్నాడని మా పిన్ని అందరికీ చెప్పింది" అంటుంది అత్తయ్య.

ఆ ఇంట్లో కర్టెన్లన్నీ నేలమీద పాకుతాయి. బల్ల మీద పరిచిన గుడ్డ కుర్చీల ఒళ్ళో కూర్చుంటుంది. పుస్తకాల బీరువా సంగతి ఇంకా వింత. గోడకీ స్నానాల గది తలుపుకీ మధ్య ఉన్న ఖాళీ మామయ్య కొలిచాడు, వడ్రంగి చేసుకొచ్చాడు. నిలబెట్టి చూస్తే బీరువా అరడుగు పొడుచుకొచ్చి తలుపుకి అడ్డం పడింది.

"సార్, నేను మీరు చెప్పిన అంకెకే కోశాను. ఇదిగో, కావాలంటే మళ్ళీ చూసుకోండి" అన్నాడు వడ్రంగి, నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"నీ తప్పేం లేదోయ్. గోడ తగ్గింది."

"గోడ తగ్గడమేంటి సార్?"

"గోడలు కుంగవూ? వయసొస్తే మనం కుంగడం లేదూ?"

ఆ రోజునుంచి ఆ ఇంట్లో స్నానానికి వెళ్ళేవాళ్ళు ఒంటిని పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి. కొత్తగా వచ్చిన చుట్టాలకి అత్తయ్య మంచినీళ్ళ గ్లాసుతోపాటు ఆ విద్య కూడా నేర్పేది. లావుపాటి పెద్దనాన్న ఒకాయన వస్తే మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి బీరువాని హాల్లోకి జరిపేవాళ్ళు. ఆయన స్నానం చేసి వచ్చాక మళ్ళీ యథాస్థానం.

మేనకోడలి పొడుగు కూడా ఆయనే కొలిచేవాడు. ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద పెన్సిలు గీత గీసి, నేల దగ్గర తను రింగు పట్టుకుని పైన అత్తయ్య చేత చదివించేవాడు. ఆ లెక్కన ఆ పిల్ల బళ్ళో చేరేనాటికే తరగతిలో అందరికన్నా పొడుగు. మామయ్య అంతటితో ఊరుకోలేదు. బడికి వెళ్ళి ఆటల టీచరుకి గొప్పగా చెప్పి వచ్చాడు. మర్నాడు బంతాట జట్టు ఎంపికకి పేరు పెట్టి పిలిచారు. పిల్ల ముందుకి వచ్చి నిలబడింది. టీచరు తలెత్తి ఆమె నెత్తికి పైన గాల్లోకి చూసి, తర్వాత కిందికి చూసి, "మిగతాది ఎక్కడమ్మా?" అంది.

ఆ రోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, "నీ టేపు దొంగ టేపు మామయ్యా!" అని అరిచింది మేనకోడలు. మామయ్య నవ్వలేదు. ఎందుకో ముఖం తిప్పుకున్నాడు. అత్తయ్యే దగ్గరికి తీసుకుని ముక్కు తుడిచింది.

ఇంట్లో ఇలా నవ్వులపాలైన మనిషి వీధిలోకి వస్తే పులి. ఊరి నడిబొడ్డున రాతిస్తంభాల వరస అని ఒక పాత కట్టడం ఉంది. కింద చిన్న చిన్న కొట్లు, పైన కాపురాలు. ప్రతి కొట్టుకీ అటొక రాతిస్తంభం, ఇటొక రాతిస్తంభం, మధ్యలో తలుపు. కొట్టు లైసెన్సు కావాలన్నా, గడువు తీరాక కొనసాగాలన్నా తలుపు వెడల్పు కనీసం మూడున్నర అడుగులు ఉండాలని నిబంధన. పెద్ద పెద్ద గోదాముల్ని దృష్టిలో పెట్టుకుని ఎవరో ఎప్పుడో రాసిన నిబంధన. గోదామనీ లేదు, బడ్డీ అనీ లేదు, అన్నిటికీ అదే.

లైసెన్సుల గడువు తీరే ఏడాది మామయ్య ఆ వరసలోకి వస్తున్నాడంటే చాలు, తాళాలు బాగుచేసే ఆయన చేతిలో ఆకురాయి వదిలేసేవాడు. టైలరక్క కుట్టుమిషను ఆపేసేది. మామయ్య తలుపు ముందు నిలబడి గొంతు సవరించుకునేవాడు.

"ఒక్క అంగుళం తగ్గిందా, తాళం! నీ తాళమే తీసుకుని నీ కొట్టుకే వేస్తాను. ఎవరి మాటా వినను."

"అలాగే సార్."

"మొదలు నాది, చివర నీది. పట్టుకో!"

అది ఆయన పద్ధతి. టేపు మొదటి కొస, అదే రింగు ఉన్న కొస, ఆయనే పట్టుకునేవాడు. బొటనవేలు దాని మీద అదిమి, ఆ వేలు స్తంభానికి ఆనించి, విగ్రహంలా నిలబడేవాడు. రెండో వైపు కొట్టు యజమాని పట్టుకుని అంకె చదవాలి. మామూలుగా చదివితే కుదరదు.

"వినపడలేదు!"

"మూడున్నర సార్."

"వీధి చివరికి వినపడాలి!"

"మూడున్నరా!"

"పైన కాపురాలవాళ్ళకి?"

"మూడున్నరా సార్!"

పైనుంచి బట్టలారేసుకుంటున్నవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. మామయ్య మాత్రం మొహం గంటు పెట్టుకునే, "సరే, ఈసారికి బతికిపోయావు" అని తర్వాతి కొట్టుకి వెళ్ళేవాడు. వెళ్ళాక తాళాలాయన చెమట తుడుచుకుని, "బాబోయ్, ఏం మనిషి! కన్నతల్లి కొట్టు పెట్టినా కొలవకుండా వదలడు" అనేవాడు. అంటున్నప్పుడు ఆ గొంతులో భయం కన్నా గర్వమే ఎక్కువ వినిపించేది. అంత కఠినుడి పరీక్షలో నెగ్గిన తలుపు మరి!

ఆ వరసలో ఒక్కడే నెగ్గలేదు. గొడుగులు బాగుచేసే ఆయన. చివరి కొట్టు. అక్కడ స్తంభాలు మరీ దగ్గరగా ఉన్నాయి. ఆయన అంకె చదివితే మూడున్నరకి నాలుగంగుళాలు తక్కువొచ్చింది. మామయ్య మళ్ళీ పట్టుకోమన్నాడు. మళ్ళీ అంతే. మరోసారి పట్టుకోమన్నాడు. బొటనవేలు తెల్లబడేదాకా అదిమాడు. చివరికి టేపు చుట్టుకుని వచ్చేశాడు. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొడుగులాయన బస్టాపు పక్క కాలిబాట మీదికి మారాడు. వానొస్తే గొడుగులు బాగుచేసే మనిషి తడుస్తాడని వీధిలో ఒక జోకు పుట్టింది. మామయ్య ఆ జోకు ఎక్కడ విన్నా లేచి వెళ్ళిపోయేవాడు.

మేనకోడలు పెద్దదై, పరీక్ష రాసి, అదే ఆఫీసులో అదే ఉద్యోగంలో చేరింది. మొదటి జీతంతో మామయ్యకి స్టీలు టేపు కొని తెచ్చింది. మీట నొక్కితే సర్రున లోపలికి పోయేది.

"ఇకనుంచి నీ కొలతలు సరిగ్గా వస్తాయి మామయ్యా."

మామయ్య పెట్టె తెరిచి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. "చాలా బాగుందే తల్లీ" అన్నాడు. మళ్ళీ పెట్టెలో పెట్టి, పెట్టెని ఆ పొడుచుకొచ్చిన బీరువా పై అరలో పెట్టేశాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. పదవీ విరమణ చేసినా జేబులో ఆ తోలుడబ్బానే ఉంది. అప్పట్లో మేనకోడలికి మనసు చివుక్కుమంది. కొత్తదంటే గిట్టని ముసలితనం అనుకుని సర్దిచెప్పుకుంది.

ఆయన దిగిపోయాక మొదటిసారి ఆ వరసకి లైసెన్సుల గడువు ఇప్పుడు తీరుతోంది. ఇవాళ పొద్దున మేనకోడలు సంచి భుజాన వేసుకుని వెళ్ళింది. తాళాలాయన ఎదురొచ్చాడు.

"రండి అమ్మాయిగారూ! మీ మామయ్య కుర్చీలో మీరు కూర్చున్నారంటే మా కళ్ళు నిండిపోయాయి. ఏదీ, టేపు తియ్యండి. మొదలు మీది, చివర నాది."

"టేపు లేదండీ. ఇది చాలు."

ఎర్ర చుక్క స్తంభం మీద పడింది. అంకె వచ్చింది. మూడు అడుగులు. ఆమె యంత్రాన్ని తుడిచి మళ్ళీ నొక్కింది. మూడే. కింద, మధ్యలో, పైన కొలిచింది. మూడే. పక్క కొట్టుకి వెళ్ళింది. టైలరక్క తలుపూ మూడే. ఆ పక్కదీ అంతే. మూతపడ్డ చివరి కొట్టు తప్ప వరసంతా అంతే.

"ఏమైందమ్మా?" అంది టైలరక్క.

"తలుపు... అరడుగు తక్కువ చూపిస్తోందక్కా."

"తక్కువేంటి? పోయినసారి నేనే చదివాను కదా! వీధంతా విన్నది. మూడున్నర!"

"మీ మిషను చిన్నపిల్లది, దానికింకా లెక్కలు రాలేదేమో" అన్నాడు తాళాలాయన. తర్వాత స్తంభాన్ని చేత్తో తడిమి చూశాడు. "లేకపోతే ఇవే దగ్గరికి జరిగాయంటారా? మీ మామయ్యగారు ఎప్పుడో అన్నారు, గోడలు కుంగుతాయని."

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు. స్తంభాలు ఎక్కడ జరుగుతాయి? పై అంతస్తు మొత్తం వాటి మీదే నిలబడి ఉంది. తలుపు వెడల్పు చెయ్యాలంటే ఇల్లు కూల్చాలి. మేనకోడలు "మళ్ళీ వస్తాను" అని వచ్చేసింది. ఆమె వెనకాల కుట్టుమిషను చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

ఆఫీసరుకి సగమే చెప్పింది. కొలతల్లో ఏదో తేడా ఉంది, రెండు రోజులు టైము కావాలంది. ఆయన నవ్వాడు.

"ఆ వరసలో తేడానా? ఆ వరస మన ఆఫీసుకి ఆభరణమమ్మా. మీకు తెలీదేమో, చిన్న వ్యాపారాలు నడపడం తేలిక చెయ్యాలని పైనుంచి మాటిమాటికీ అడుగుతుంటారు, ఏ నిబంధన అడ్డొస్తోందో చెప్పమని. తలుపు నిబంధన గురించి అడిగినప్పుడల్లా మనం చెప్పే జవాబు ఒకటే. మా దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు. చాలా చిన్న కొట్లు కూడా సునాయాసంగా పాటిస్తున్నాయి, కావాలంటే రాతిస్తంభాల వరస చూసుకోండి అంటాం. దాంతో వాళ్ళు ఆ నిబంధన అలాగే ఉంచేశారు."

"అలాగే ఉంచేశారా?"

"ఇబ్బంది లేనిదాన్ని ఎందుకు తీస్తారు? ఈ వారంలోనే మళ్ళీ వస్తున్నారు, వ్యాపారుల్ని నేరుగా కలిసి వింటారట. ఈసారీ ఆ వరసనే చూపిద్దాం. మీ కొలతలు ఆలోపు ఇచ్చెయ్యండి."

ఆ మాటలు మోసుకుని ఆమె ఇక్కడికి వచ్చింది. మూడడుగులని నిజం చెబితే వరసంతా మూతపడవచ్చు. మూడున్నరని చెబితే ఆ నిబంధన ఇంకెప్పటికీ పోదు.

"ఎంతసేపే గుమ్మంలో? లోపలికి రా" అంది అత్తయ్య, కర్టెను పక్కకి తీసి. కర్టెను ఆవిడ కాళ్ళకి చుట్టుకుంది.

మేనకోడలు కూర్చోలేదు.

"మామయ్యా, ఈ గుమ్మం ఒకసారి కొలుద్దాం. నీ టేపు తియ్యి."

మామయ్య ముఖం వెలిగింది. ఎవరైనా కొలవమని అడిగితే ఆయనకి పండగ. చెయ్యి జేబులోకి వెళ్ళింది. అప్పుడు ఆమె చేతిలోని యంత్రం చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూశాడు. చెయ్యి జేబులోనే ఆగింది.

"వరసకి వెళ్ళొచ్చావా?"

"వెళ్ళొచ్చాను."

"తాళాలాయన ఏమన్నాడు?"

"స్తంభాలు దగ్గరికి జరిగాయేమోనన్నాడు. నువ్వే చెప్పావట, గోడలు కుంగుతాయని."

మామయ్య అత్తయ్య వంక చూశాడు. అత్తయ్య తల ఊపింది. ఆయన డబ్బా తీశాడు, పిడి విప్పాడు, అలవాటుగా గుమ్మానికి ఒక పక్క నిలబడి, "మొదలు నా..." అని ఆగిపోయాడు.

"ఈసారి మొదలు నువ్వు పట్టుకో" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ కొస ఆమె చేతికి రావడం అదే మొదలు. ఇత్తడి రింగు ఆయన వేలి వెచ్చదనంతో ఉంది. రింగుని పట్టీకి నీలం దారంతో కుట్టారు. చిన్న చిన్న కుట్లు, ఒకదాని పక్కన ఒకటి. తన బడిసంచి తెగినప్పుడు వేసిన కుట్లు సరిగ్గా ఇలాగే ఉండేవి. రింగు పక్కన ఒకటి లేదు, రెండు లేదు. ఏడు ఉంది.

"మిగతా ఆరంగుళాలు ఏవి మామయ్యా?"

"తాళాలాయన షట్టర్లో ఉండిపోయాయి."

అప్పుడు చెప్పాడు. తాళాలాయన కొట్టు కొత్తగా పెట్టుకున్న రోజులు. మొదటిసారి కొలిస్తే తక్కువొచ్చింది. మాటామాటా పెరిగింది. ఆ గొడవలో షట్టరు జారి టేపు మీద పడి, మొదలు తెగింది. రింగు మాత్రం కింద దొర్లుతూ దొరికింది. మామయ్య కోపంగా మిగిలిన టేపు లాగి, "ఇదిగో, నువ్వే చదువు" అన్నాడు. గొడవలో మొదలు తెగిన సంగతి గమనించని తాళాలాయన చదివాడు. మూడున్నర. చదివి గట్టిగా అరిచాడు. పైనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"నాకు ఇంటికొచ్చాకగానీ వెలగలేదే. ఆరు నుంచి మొదలయ్యే టేపుతో కొలిస్తే ఏదైనా అరడుగు పెరుగుతుంది. మర్నాడు వెళ్ళి మళ్ళీ కొలిచి మూయించాలి. బయల్దేరాను కూడా. వెళ్ళేసరికి ఆయన బోర్డుకి రంగు వేసుకుంటున్నాడు. వంకర అక్షరాలు. 'సార్, సరిగ్గా వచ్చిందా?' అని నన్నే అడిగాడు. సరిగ్గానే ఉందని చెప్పి తిరిగొచ్చేశాను."

"వచ్చి సూదీ దారం అడిగారు" అంది అత్తయ్య. "నల్లదారం అయిపోయింది. నీలం వేశాను."

"నీకు తెలుసా అత్తయ్యా?"

"కుట్టింది నేను. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి ఇంట్లో ఎందుకిలా? ఇంట్లో ఆరు తీసేసి చెబితే సరిపోయేదిగా! ఈ కర్టెన్లు, ఈ బీరువా, నా బంతాట జట్టు..."

మామయ్యకి ఆ మాటకి చిన్నగా నవ్వొచ్చింది. "కర్టెన్లు కుట్టేదెవరు? టైలరక్క. బీరువా చేసిందెవరు? ఆ వరసలో వడ్రంగి. టేపు మీద ఒక అంకె ఉంటే నేను ఇంకో అంకె చెబితే వాళ్ళకి అనుమానం రాదూ? తెలిసిందనుకో, ఇక రోజూ దొంగల్లా బిక్కుబిక్కుమంటూ కొట్టు తియ్యాలి. తెలియదు కాబట్టి దర్జాగా తీశారు. తలుపు మూడున్నర అని వీధంతా వినేలా అరిచారు. ఆ దర్జా ముందు మన కర్టెన్లెంత?"

"మీకేం, మీరు చెబుతారు. పాలగిన్నె పట్టుకుని పడబోయింది నేను" అంది అత్తయ్య.

మేనకోడలు ఆ పాత టేపుని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది. దొంగ టేపని అరిచిన రోజు ఆయన ముఖం ఎందుకు తిప్పుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. కానీ చెప్పవలసింది ఇంకా మిగిలే ఉంది. చెప్పింది. ఆఫీసరు ఏమన్నాడో, ఆ వరసని చూపించి పైవాళ్ళకి ప్రతిసారీ ఏ జవాబు పంపుతున్నారో, ఒక్క మాటా దాచకుండా చెప్పింది.

మామయ్య మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"నా వరసనే చూపించారా?"

"చాలా చిన్న కొట్లకి కూడా ఇబ్బంది లేదనడానికి అదే రుజువుట."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"చెరువుగట్టు వైపు ఒక వరస ఉండేది, గుర్తుందా నీకు?" అన్నాడు చివరికి. "అట్టపెట్టెలు చేసే ఆవిడ, దువ్వెనలమ్మే ముసలాయన. అక్కడ ఇన్‌స్పెక్టరు వేరు. మంచివాడు. టేపు కూడా మంచిదే. అందుకని ఆ కొట్లు ఇప్పుడు లేవు. నేను ఒక్క మాట, ఈ నిబంధన చిన్న కొట్లకి పనికిరాదని ఒక్క మాట పైకి చెప్పి ఉంటే... చెబితే నా కొలతలు బయటపడతాయని ఊరుకున్నాను. నా వీధి నేను కాచుకున్నాను, చాలనుకున్నాను. నా చప్పట్లు నాకు వినిపించాయి. అటువైపు షట్టర్లు మూసుకుంటున్న చప్పుడు వినిపించలేదు."

"మరి గొడుగులాయన?"

"ఆయనకి ఇంకో నాలుగంగుళాలు కావాల్సొచ్చింది. టేపు అంత తెగలేదు."

"ఆ రాత్రి కత్తెర దగ్గర పెట్టుకుని కూర్చున్నారు" అంది అత్తయ్య. "ఇంకో నాలుగంగుళాలు కత్తిరించేద్దామని."

"కత్తిరించలేకపోయానే. మొదటిసారి అది తెగింది. నేను కోయలేదు. తనంతట తాను తెగిన టేపుతో కొలిచానని నాకు నేను సర్దిచెప్పుకోగలను. కత్తెర పెడితే అది మోసం. నాకు నాలుగంగుళాల ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆరుకీ పదికీ ఏమిటే తేడా?"

"అందుకనేనా, మన గొడుగు వానాకాలం వచ్చేసరికి విరిగిపోయేది?" అంది మేనకోడలు. ఆ గొడుగు ఎన్నిసార్లు విరిగిందో, మామయ్య దాన్ని చంకలో పెట్టుకుని బస్టాపు వైపు ఎన్నిసార్లు వెళ్ళాడో ఆమె చూసింది. గాలికి విరిగిందనేవాడు.

"గాలికి కాదు, మోకాలికి" అంది అత్తయ్య. "పెరట్లోకి వెళ్ళి మోకాలికి ఆనించి విరిచేవారు. మొన్న విరగక ఆయన మోకాలే వాచింది. నూనె రాశాను."

మేనకోడలు నవ్వాపుకోలేకపోయింది. మామయ్య కూడా నవ్వబోయి మానేశాడు.

"నన్నేం చెయ్యమంటావు మామయ్యా?" అంది ఆమె కాస్సేపటికి. "వాళ్ళు వచ్చేది ఈ వారమే. నిజం కొలతలు నేను చెప్పాలి. చెప్పి, ఇలాంటి తలుపుల్లోంచే ఇన్నాళ్ళూ జనం వచ్చారు, పోయారు, ఎవరికీ ఏమీ కాలేదు, కాబట్టి చిన్న కొట్లకి ఈ నిబంధన తీసెయ్యండి అని అడగొచ్చు. తీసేదాకా వీళ్ళ లైసెన్సులు ఆపొద్దని కూడా అడగొచ్చు. వింటారో లేదో తెలియదు. కానీ మూడున్నర ఎలా వచ్చిందని మొదట అదే అడుగుతారు. నీ పేరొస్తుంది. కావాలంటే స్తంభాలు కుంగాయని..."

"స్తంభాలు కుంగడమేమిటే, సిగ్గులేకపోతే సరి!" అన్నాడు మామయ్య.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళు వరస చూడ్డానికి వస్తారా, ఆఫీసులోనే కూర్చుంటారా?"

"వరసకే వస్తారట."

"అయితే తేలికే." ఆయన టేపు ఆమె చేతిలోంచి తీసుకుని, పిడి తిప్పుతూ, పట్టీ ముడతలు పడకుండా డబ్బాలోకి చుట్టాడు. రింగు వచ్చి డబ్బా అంచుకి టక్కున తగిలింది. "పెన్షనాపితే ఆపుతారు. ముందు తాళాలాయనకీ టైలరక్కకీ నేనే చెప్పుకోవాలి. రేపు పొద్దున వెళతాను. ఇన్నాళ్ళు వాళ్ళ చేత అబద్ధం అరిపించాను, అది నా నోటితోనే వాళ్ళకి తెలియాలి."

"తిడతారేమో మామయ్యా."

"తిట్టనీ. వీధి చివరికి వినపడేలా తిట్టమంటాను."

ఆయన లేచి నిలబడ్డాడు. జేబులో డబ్బా వేసుకోబోయి, వేసుకోకుండా బల్ల మీద పెట్టాడు.

"నువ్వు నీ ఎర్రచుక్కతో కొలువు. తర్వాత నేను నా టేపుతో కొలుస్తాను. పైనుంచి వచ్చినవాళ్ళలో పెద్దాయన ఎవరో నాకు చూపించు చాలు. మొదలు ఆయన చేతికిస్తాను. బస్టాపుకి వెళ్ళి గొడుగులాయన్ని కూడా తీసుకొస్తాను. చివరి కొట్టు దగ్గర చివర ఆయనే చదువుతాడు."

అత్తయ్య బీరువా దగ్గరికి వెళ్ళింది. ముని వేళ్ళ మీద లేచి పై అర తడిమి, దుమ్ము పట్టిన పెట్టె దించింది. కొంగుతో తుడిచింది. పెట్టె తెరిచి, మేనకోడలు మొదటి జీతంతో కొన్న స్టీలు టేపు బయటికి తీసింది. రెండో చేతిలోకి కుట్టుపెట్టెలోంచి కత్తెర వచ్చింది.

"రేపు మీరు వరస నుంచి వచ్చేలోపు ఇంట్లో కర్టెన్లన్నీ కత్తిరించేస్తున్నాను" అంది.